నొక్కిన కీ ఎటు పోయింది

ఆడలేక మద్దెల ఓడు అనే రకాన్ని చూస్తే నాకు ఒళ్లు మంట. ఇరవై ఆరేళ్లుగా ఎడిటింగ్ గదిలో కూర్చుంటున్నాను. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ మొదటి రోజే చెప్పేదాన్ని, "షాట్ పోయిందంటే ముందు నీ వేలిని అనుమానించు, ఆ తర్వాతే మెషీన్‌ని" అని. మెషీన్ బాగాలేదని నా ముందు ఎవరైనా నోరు జారితే ఆ రోజు వాళ్లకి మూడినట్టే. ఆఫీసులో అందరూ నన్ను పెద్దకత్తెర అంటారు. ముఖం మీద అనరు, నా వెనక అంటారు, నాకు తెలియదనుకుంటారు. ఆ నీతి చివరికి నా మెడకే చుట్టుకుంటుందని అప్పుడు నాకేం తెలుసు.

మా పని సంగతి కాస్త చెప్పాలి. మౌస్ పట్టుకుని తెరంతా దేవులాడేవాళ్లు కొత్తవాళ్లు. చేయి తిరిగినవాళ్లు కీబోర్డు మీదే బతుకుతారు. నాకు మూడు దెబ్బల లెక్క ఒకటి ఉంది. మొదటిది కోత. ఎడమచేతి చిటికెన వేలు కంట్రోల్ మీద, ఉంగరపు వేలు షిఫ్ట్ మీద, చూపుడు వేలు డి మీద. మూడూ ఒకేసారి పడితే షాట్ అక్కడికక్కడ రెండు ముక్కలవుతుంది. రెండో దెబ్బకి అక్కర్లేని ముక్కని పట్టుకుంటాను. మూడో దెబ్బకి తీసేస్తాను. వెనకున్న షాట్లన్నీ ముందుకు జరిగి ఆ ఖాళీని పూడ్చేస్తాయి. మొత్తం కలిపి ఒక్క సెకను పట్టదు. కోత పడిందా లేదా అని కిందకి చూసే అలవాటు నాకు లేదు. నా కళ్లు ఎప్పుడూ తెర మీది మనుషుల ముఖాల మీదే ఉంటాయి. కీబోర్డు మీద డి అక్షరం అరిగిపోయి ఎన్నేళ్లయిందో కూడా గుర్తులేదు.

ఐదు వారాల క్రితం ఒక ఉదయం, గాజు ఫ్యాక్టరీ మీద తీసిన డాక్యుమెంటరీ కోస్తున్నాను. మూడు దెబ్బలూ వేశాను. అక్కర్లేని ముక్క పోవాల్సింది పోయి, షాట్ మొత్తం పోయింది. అంటే మొదటి దెబ్బ పడలేదన్నమాట. కోత పడకపోతే రెండో దెబ్బ మొత్తం షాట్‌ని పట్టుకుంటుంది, మూడోది దాన్ని మింగేస్తుంది. సరే, పరధ్యానంలో ఉన్నానేమో అనుకుని వెనక్కి తెచ్చుకున్నాను. ఇంకోసారి కోశాను, మళ్లీ అదే. చిటికెన వేలిని చూసుకున్నాను.

ఎందుకంటే మా నాన్నకి చేయి పట్టు తప్పడం కూడా చిటికెన వేలితోనే మొదలైంది. ఆయన గడియారాలు బాగుచేసేవారు. యాభై రెండో ఏట ఎడమచేతి చిటికెన వేలు చెప్పిన మాట వినడం మానేసింది. ఆవగింజంత స్క్రూలు జారి కింద పడేవి, మోకాళ్ల మీద కూర్చుని వెతుక్కునేవారు. "కాస్త మనసు పెట్టి చేయండి నాన్నా" అని విసుక్కున్నది నేనే. తర్వాత తెలిసింది, అది నరాల జబ్బని. పదకొండేళ్లు. ఆఖరికి చొక్కా బొత్తాలు కూడా అమ్మే పెట్టేది. నాకిప్పుడు యాభై ఒకటి.

ఆ జబ్బు మొదట్లో ఒకరోజు ఉంటుంది, ఇంకోరోజు ఉండదు. నాకూ అంతే అయింది. సోమవారం నా వేళ్లు బంగారం. బుధవారం వచ్చేసరికి పదిసార్లకి పదిసార్లూ కోత పడదు. గురువారం మళ్లీ ఏమీ ఎరగనట్టు పనిచేస్తాయి. శుక్రవారం మళ్లీ మొదలు. చెడ్డరోజున ప్రతి కోత దగ్గరా ఆగి, కోత పడిందో లేదో చూసుకుని, పడకపోతే మౌస్‌తో కోసేదాన్ని. మౌస్‌తో, నేను. తలుపు వేసుకుని మరీ చేసేదాన్ని, ఎవరైనా చూస్తే పరువు పోతుందని. డాక్టరు దగ్గరికి వెళ్లాలని రోజూ అనుకుని రోజూ మానేసేదాన్ని. ఆయన నోటి వెంట ఆ జబ్బు పేరు వినే ధైర్యం లేదు నాకు.

ఇంట్లో ఉండేది అమ్మా నేనూ. అమ్మకి డెబ్భై ఆరు. ఆవిడ ఇంకోసారి అదంతా చూడకూడదని ఒకటే పట్టుదల నాకు. మామూలుగా నవ్వుతూ, మామూలుగా కసురుకుంటూ తిరిగాను. కసురుకోవడంలో కష్టమేమీ లేదు, అది నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఎంత జాగ్రత్తపడినా ఒకటి తప్పించుకుంది. ఆ సినిమాలో ఒక ముసలి కార్మికుడు ఉంటాడు. "మీ ఇంటికోసం ఎప్పుడైనా ఏమైనా చేసుకున్నారా" అని అడిగితే, పన్నెండు సెకన్లు ఏమీ మాట్లాడకుండా చేతిలోని గాజు ఊదే గొట్టం వైపు చూసి, లేదని తల ఊపుతాడు. సినిమా మొత్తం ఆ పన్నెండు సెకన్ల మీద నిలబడి ఉంది. ఒక బుధవారం ఆ షాట్ మాయమైంది, నేను చూసుకోలేదు, కాపీ అలాగే డైరెక్టరుకి వెళ్లిపోయింది. ఆయన మంచిమనిషి, అరవలేదు. ఫోన్‌లో మెల్లగా, "మేడమ్, మన పెద్దాయన ఏడి?" అన్నాడు. అరిచినా బాగుండేది.

ఆ తర్వాతి సోమవారం మా ఓనరు గదిలోకి వెళ్లాను.

"ఈ సినిమా చిన్నకత్తెరకి ఇచ్చెయ్యండి. నేను మానేస్తున్నాను" అన్నాను.

"ఎన్నాళ్లు?" అన్నాడాయన, సెలవు అనుకుని.

"ఇక రాను."

ఆయన కుర్చీలోంచి లేచాడు. "నా వల్ల ఏమైనా మాట తేడా వచ్చిందా?"

"లేదండీ. కళ్లు అలిసిపోయాయి."

అబద్ధం చెప్పాను. చేతులని ఎలా చెప్పను. ఆ మాట నా నోట్లోంచి వస్తే నేనే భరించలేను.

చిన్నకత్తెర అంటే నా దగ్గరే పని నేర్చుకున్న పిల్ల. ముప్పై ఏళ్లుంటాయి. ఎనిమిదేళ్ల క్రితం నా షార్ట్‌కట్ల ఫైలే కాపీ చేసుకుని పట్టుకెళ్లింది, ఇప్పటికీ అవే వాడుతుంది. కోత అంటే దానికీ కంట్రోల్, షిఫ్ట్, డి. బుధవారం ఉదయం పని అప్పగించడానికి దాన్ని రమ్మన్నాను. నా కుర్చీలో అది కూర్చుంది, నేను వెనక నిలబడ్డాను. ఏడవకూడదని పళ్లు బిగించుకున్నాను.

"అక్కా, మీరు కూర్చోండి, నేను స్టూల్ తెచ్చుకుంటాను" అంది.

"నోరు మూసుకుని పని చెయ్యి" అన్నాను.

అది మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ గేటు షాట్‌లో ఆఖరి ముక్క తీయాలి. దాని మూడు దెబ్బలూ నా మూడు దెబ్బల్లాగే వినిపించాయి. గేటు షాట్ మొత్తం ఎగిరిపోయింది. పిల్ల ముఖం పాలిపోయింది. గబగబా వెనక్కి తెచ్చింది.

"సారీ అక్కా. వేలు సరిగ్గా పడలేదు."

అది నా తిట్టు కోసం ఎదురుచూస్తూ భుజాలు ముడుచుకుని, ఇంకోసారి చేసింది. షాట్ మళ్లీ పోయింది.

"సారీ అక్కా, ఇవాళ నా చేతికేదో అయింది."

"ఏమన్నావు?"

"అంటే... నా వేలే సరిగ్గా..."

"మళ్లీ చెయ్యి" అన్నాను. "మెల్లగా చెయ్యి. నేను నీ చేతినే చూస్తాను."

వంగి, దాని ఎడమచేతికి జానెడు దూరంలో ముఖం పెట్టి చూశాను. చిటికెన వేలు దిగింది. ఉంగరపు వేలు దిగింది. చూపుడు వేలు దిగింది. మూడూ నిండుగా నొక్కుకున్నాయి. తెర మీద కోత పడలేదు.

"నీ వేలు పడిందే. నేను నా కళ్లతో చూశాను" అన్నాను. "మెషీన్‌లో ఏదో ఉంది."

ఇరవై ఆరేళ్లలో ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదలు. పిల్ల నా వైపు భయంగా చూసింది, ఒంట్లో బాగాలేదేమోనని.

ఇక పట్టుబట్టాను. ముందు సౌండ్ గదిలోంచి ఇంకో కీబోర్డు లాక్కొచ్చి తగిలించాను. అదే వరస. అంటే కీబోర్డు తప్పు కాదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో షార్ట్‌కట్ల పట్టిక తెరిచాను. ఒకే కీని రెండు పనులకి అప్పగిస్తే అక్కడ పసుపు గుర్తు పడుతుంది. అన్నీ శుభ్రంగా ఉన్నాయి, ఒక్క గుర్తూ లేదు. కంట్రోల్ షిఫ్ట్ డి ఎదురుగా 'కోత' అని బుద్ధిగా రాసి ఉంది. పట్టికంతా చెరిపేసి, కంపెనీ ఇచ్చిన అసలు పట్టిక పెట్టి, అందులో కోతకి మళ్లీ అవే మూడు కీలు ఇచ్చాను. ఊహూ.

"అక్కా, నా చేయే అయ్యుంటుంది" అంది పిల్ల ఏడుపు గొంతుతో.

"ఇంకోసారి ఆ మాటన్నావంటే చెంప పగలగొడతాను. కోతకి వేరే కీ ఇవ్వు. ఎఫ్ సిక్స్ ఇవ్వు."

ఇచ్చింది. నొక్కింది. కోత పడింది. ఇంకో తొమ్మిదిసార్లు నొక్కించాను. పదికి పదీ పడ్డాయి. అంటే కోత పని చేస్తోంది, ఆ మూడు కీలే సాఫ్ట్‌వేర్ దాకా చేరడం లేదు. మనింటికి రావాల్సిన ఉత్తరాన్ని గేటు దగ్గరే ఇంకెవరో అందుకుంటున్నారు. ఆ అందుకునేదెవరో తేలాలి.

కోతకి మళ్లీ పాత మూడు కీలే ఇప్పించి, మెషీన్‌లో తెరిచి ఉన్న ప్రోగ్రాములు ఒక్కొక్కటే మూయించాను. ఒకటి మూసి, కంట్రోల్ షిఫ్ట్ డి నొక్కి చూడటం. ఆఫీసులో మాట్లాడుకునే ప్రోగ్రాం మూశాం, పడలేదు. ఫైళ్లు కాపీ చేసేది మూశాం, పడలేదు. ఇక మూయడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు పిల్ల తెర మూలకి వేలు చూపించింది. గడియారం పక్కన, చీమ తలంత బొమ్మ ఒకటి.

"ఇదేంటక్కా?"

సబ్‌టైటిల్స్ టైప్ చేసే ప్రోగ్రాం. మూశాం. నొక్కాం. కోత చక్కగా పడింది. మళ్లీ తెరిచాం. పడలేదు. మూశాం. పడింది. దొరికాడు దొంగ. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికింది నాలాంటిదే అయ్యుంటుంది.

సబ్‌టైటిల్స్ రాసే అమ్మాయిని మేం కామా అంటాం. కామా ఒకటి తేడా వస్తే అన్నం మానేసే రకం. మంగళవారం, గురువారం నేను రెండింటికి వెళ్లిపోయాక నా మెషీన్ మీదే కూర్చుని రాసుకుంటుంది. తన కాపీ తయారయ్యేదాకా మెషీన్ ఆపకూడదు కాబట్టి ఆ రెండు రోజులూ ఆపకుండా వెళుతుంది. మిగతా రోజులు నేనే ఆపేసి వెళతాను. ఆ మర్నాళ్లే బుధవారం, శుక్రవారం. నా చెడ్డరోజులు. ఇరవై ఆరేళ్ల అనుభవం, ఈ రెంటినీ ముడిపెట్టాలన్న బుద్ధి పుట్టలేదు.

ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. "ఏమ్మా కామా, నీ ప్రోగ్రాం..." అనేలోపే ఆ అమ్మాయి అందుకుంది.

"మేడమ్, ఆ ఖాళీ లైన్ల గురించేనా? సారీ మేడమ్. నేనే ఎక్కడో తప్పు చేస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు, వచ్చినప్పుడల్లా తీసేస్తున్నాను."

"ఏ ఖాళీ లైన్లు?"

"నేను టైప్ చేయనివి మేడమ్. ఫైల్ తెరిస్తే ఎక్కడ పడితే అక్కడ ఖాళీ లైన్లు ఉంటున్నాయి. ఐదు వారాల నుంచి. కొత్త వెర్షన్ వేసుకున్నాను కదా, నాకు అలవాటు కాక తప్పు నొక్కుతున్నాననుకున్నాను."

"నీ ప్రోగ్రాంలో కంట్రోల్ షిఫ్ట్ డి నొక్కితే ఏమవుతుంది?"

"కొత్త లైను వస్తుంది మేడమ్" అంది మెల్లగా. "ప్రోగ్రాం కిటికీ మూసినా ఇది గడియారం పక్కన కూర్చుని వింటూనే ఉంటుందట. అదో సౌకర్యమని రాశారు."

"ఆ తీసేసినవి ఎక్కడికి పోతాయి?"

"చెత్తబుట్టలో ఉంటాయి మేడమ్. అన్నీ ఉంటాయి."

చెత్తబుట్ట తెరిచాం. ఖాళీ లైన్లు. ఒకదాని కింద ఒకటి, వాటి పక్కన అవి పుట్టిన తేదీ, గంట, నిమిషం. నాలుగు వందల ఇరవై ఎనిమిది. అన్నీ బుధవారాలు, శుక్రవారాలు. కిందకి జరుపుకుంటూ వెళ్లాను. ముసలాయన షాట్ పోయిన బుధవారం, అది పోయినట్టు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ రాసిపెట్టుకున్న సమయం పది గంటల ఇరవై రెండు నిమిషాలు. అక్కడా ఒక ఖాళీ లైను ఉంది. అంటే ఆ క్షణాన నా చిటికెన వేలు దిగింది. నాలుగు వందల ఇరవై ఎనిమిది సార్లు నా వేలు చెప్పినట్టు విన్నది, నేను నమ్మలేదు.

తెర మీద చేయి పెట్టుకుని ఏడ్చేశాను. ఆపుకోవాలని కూడా అనుకోలేదు. పిల్ల బెదిరిపోయి నీళ్లు తెచ్చింది. మా నాన్న సంగతి మొత్తం చెప్పాను.

"ఐదు వారాలు ఒక్కరే మోశారా అక్కా? నాకొక్క మాట చెబితే ఏం పోయేది?"

"చెబితే ఏం చేసేదానివి?"

"ముందు మెషీన్ చూద్దామనేదాన్ని." గ్లాసు అందుకుంటూ అంది, "అప్పుడు మీరు నన్ను చంపేసేవారు."

నాకు నవ్వొచ్చింది. అదీ నిజమే. నేను నేర్పిన నీతి ఎంత గొప్పదంటే, ఆ గదిలో పనిచేసే ముగ్గురమూ మా వేళ్లనే అనుమానించుకుని తేలు కుట్టిన దొంగల్లా ఊరుకున్నాం. కామా తన ప్రోగ్రాంలో ఆ షార్ట్‌కట్‌ని వేరే కీకి మార్చేసింది. దానికి రెండు నిమిషాలు పట్టింది. నేను ఓనరు గదిలోకి తల పెట్టి, "సోమవారం చెప్పింది మర్చిపోండి, నేను ఎక్కడికీ పోవడం లేదు" అన్నాను.

"కళ్లు తేరుకున్నాయా?" అన్నాడాయన.

"కళ్లకేమైంది?" అని, ఆయన నోరు తెరిచేలోపు వచ్చేశాను.

పని పిల్లకి వదిలి ఇంటికి బయల్దేరాను. బస్సులో కూర్చుని చిటికెన వేలు మడుస్తూ చాపుతూ ఉంటే ఎదుటి సీటావిడ అనుమానంగా చూసింది. చూస్తే చూసింది. నాకు ఆ వేలిని చూస్తుంటే ప్రాణం లేచొస్తోంది.

అమ్మ మంచం మీద కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. "ఈ వేళప్పుడు వచ్చావేం?" అంది.

దారంతా ఏవేవో అనుకున్నాను, ఆవిడ కంగారుపడకుండా ఎలా మొదలుపెట్టాలా అని. ఒక్కటీ గుర్తురాలేదు. "అమ్మా, నా చేతికేమీ కాలేదు" అనేశాను.

నీ చేతికేమవుతుందే అని అడగాలి కదా. అడగలేదు. చేతిలో ఉన్న తువ్వాలు మడత పూర్తి చేసి పక్కన పెట్టింది.

"ఎవరు చెప్పారు? డాక్టరా?"

"కాదు. తప్పు మెషీన్‌ది. నేను నొక్కినవన్నీ అందులో లెక్కతో సహా ఉన్నాయి."

"మెషీన్ సంగతి నాకు తెలీదు. ఇలా కూర్చో. రెండు చేతులూ ముందుకి చాపు."

లేచి వెళ్లి ఫ్యాను ఆపింది. బల్ల మీంచి పేపరు తెచ్చి, ఒక కాగితం విడదీసి, చాపిన నా ఎడమచేతి మీద పరిచింది. మా నాన్నని మొదటిసారి చూసినప్పుడు డాక్టరు అలాగే కాగితం వేసి చూశాడట. ఆయన చేతి వణుక్కి కాగితం అంచులు సన్నగా చప్పుడు చేశాయట. ఆ సంగతి అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతూ, కాగితం దగ్గరగా చెవి పెట్టి నిలబడింది. చప్పుడు లేదు. కుడిచేతి మీద వేసింది. మళ్లీ ఎడమచేతి మీద వేసింది. నా భుజాలు పీకేస్తున్నాయి.

"చాలమ్మా."

"ఊరుకుని పట్టు."

చాలాసేపయ్యాక కాగితం తీసి నాలుగు మడతలు పెట్టింది. "ఐదు వారాలుగా నువ్వు ఎడమచేత్తో గ్లాసు ముట్టుకోవడం లేదు" అంది.

"చూశావా?"

"మీ నాన్నని పదకొండేళ్లు చూశాను. నిన్ను చూడనా?"

"మరి ఒక్కసారైనా అడగలేదేం?"

"అడిగితే నువ్వు చెప్పేస్తావని."

దగ్గరికి జరగబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇక ఆఫీసుకి వెళ్లు."

"ఓ గంట ఉండి వెళతానమ్మా."

"వెళ్లవే. ఇన్నాళ్లూ ఆపుకున్నాను, నువ్వు ఎదురుగా ఉంటే నాకు ఏడుపు రాదు."

చెప్పులేసుకుని, తలుపు దగ్గరగా వేసి, మెట్ల మీద కూర్చున్నాను. లోపల అమ్మ ఏడవడం మొదలుపెట్టింది. నాన్న పోయినరోజు కూడా అంత గట్టిగా ఏడవలేదు. అది అయిపోయి, మళ్లీ ఫ్యాను వేసిన చప్పుడు వినిపించాక లేచి ఆఫీసుకి వెళ్లాను.